వైరు మీద మడిచీర

పదిన్నర దాటి పది నిమిషాలైంది. హనుమాయమ్మ బకెట్లో నానిన తొమ్మిది గజాల నూలు చీరను పైకి తీసి, పిండీ పిండనట్టు పిండి, వెనక వరండాలో గోడ కొక్కెం నుంచి సందులోని కరెంటు స్తంభానికి సాగే నల్ల వైరు మీద వేసింది. వేసిన చీరను గోడ పక్కకు జరిపి, కిందికి ఒక్క లాగు లాగింది. హాల్లో షోకేసు మీద కూర్చున్న కెమెరా అప్పటికే గొంతు విప్పింది.

“అమ్మా, అక్కడ నీళ్లు పడ్డాయి. చూసుకుని నడువు, కాలు జారి—”

మాట మధ్యలోనే తెగిపోయింది. కెమెరా నెత్తిన వెలిగే పచ్చచుక్క ఎర్రబడి కొట్టుకోసాగింది. “అమ్మయ్య” అంది హనుమాయమ్మ పైకే. ఇక ఆ చీర ఆరేదాకా, అంటే ఎండ బాగా కాస్తే ఒంటిగంట దాకా, ఆవిడను చూసేవాళ్లు లేరు.

రెండు నిమిషాలకు ఫోను మోగింది. రోజూ మోగేదే.

“అమ్మా, మళ్లీ నెట్ పోయినట్టుంది. కుర్చీలోనే కూర్చో. నెట్ వచ్చేదాకా లేవకు.”

“కూర్చునే ఉన్నాను నాన్నా” అంది ఆవిడ, స్టవ్ వెలిగిస్తూ.

కొడుకు చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం సులువుగా ఉండేది. వెంకటేశ్వరరావు చాలా మంచివాడు, అదే వచ్చిన చిక్కు. అతని ఆఫీసు మలక్‌పేటలో. భార్య అమల దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. ఇద్దరూ తొమ్మిదిన్నరకల్లా గేటు దాటితే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. కొత్తపేటలోని ఆ ఇంటి కింది వాటాలో పగలంతా హనుమాయమ్మ ఒక్కతే. ఆషాఢంలో ఆవకాయ జాడీ దించబోయి స్టూలు మీంచి పడింది. తుంటి ఎముక పగిలిందన్నారు, ఆరు వారాలు మంచం మీదే ఉంచారు. కొడుకు సెలవు పెట్టి సేవ చేశాడు. అన్నం కలిపి పెట్టాడు, తలకు నూనె కూడా రాశాడు. ఆవిడ మంచం దిగిన రోజునే, ఆఫీసు నుంచి ఫోనులో చూస్తూ మాట్లాడేందుకు కెమెరా తెచ్చాడు. వంటగది గుమ్మం, వీధి తలుపు, వెనక వరండా మూడూ కనబడే చోటు వెతికి మరీ పెట్టాడు.

ఆ రోజు నుంచి ఇంటికి కళ్లూ నోరూ వచ్చాయి. జాడీ వైపు చెయ్యి చాపితే “అమ్మా, బీపీ” అంటుంది. వంటగది గుమ్మం తొక్కితే “ఏం కావాలమ్మా? అన్నీ హాట్‌ప్యాక్‌లో ఉన్నాయి, స్టవ్ జోలికి పోకు” అంటుంది. వీధి తలుపు గొళ్లెం మీద చెయ్యి పడితే “ఎక్కడికమ్మా?” ఒకరోజు, పోయిన భర్త రామస్వామి ఫోటో ముందు నిలబడి, కోడలు చారులో ఇంగువ వేయదని మెల్లగా చెప్పుకుంటోంది. “ఎవరితో మాట్లాడుతున్నావు?” అని వెనక నుంచి వినిపించింది. ఆవిడకు సిగ్గుతో చచ్చినంత పనైంది. దాంతో పోయినాయనతో మాట్లాడటం కూడా మానుకుంది. ఇంటికి ఎవరూ తాళం వేయలేదు. తాళంతో పని లేకుండా పోయింది. డెబ్భై రెండేళ్ల మనిషి, కుర్చీలోంచి లేచే ముందు ఏం చెప్పాలో మాట సిద్ధం చేసుకుని లేవడం నేర్చుకుంది.

చీర సంగతి ఆవిడ కనిపెట్టింది కాదు, దానంతటదే దొరికింది. మడిబట్ట తడిపి ఆరేస్తే ఆవిడ తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. అందుకని దండెం ఎవరికీ అందనంత ఎత్తులో ఉండేది, కర్రతో వేసేది. పడ్డ తర్వాత చెయ్యి అంత పైకి లేవడం మానేసింది. ఒకనాడు విసుగెత్తి, చేతికందే ఆ నల్ల వైరు మీద చీర పడేసింది. పడేసిన మరుక్షణం కెమెరా నోరు మూసుకుంది. మర్నాడూ అంతే. మూడోనాటికి హనుమాయమ్మకు అర్థమైంది, అది కెమెరా వైరని. నిజం చెప్పాలంటే, భర్త పోయాక మడి మీద ఆవిడకున్న పట్టుదల సగానికి సగం సడలింది. కానీ ఆ ఇంట్లో ఇంకా తన మాట చెల్లుతున్న విషయం అదొక్కటే. కోడలైనా, కొడుకైనా మడిబట్ట జోలికి రారు. కాబట్టి బయటికి మాత్రం పట్టు ఇంకాస్త బిగించింది.

ఆ రెండు గంటల్లో ఆవిడేం ఘనకార్యం చేసేదని అడిగితే, ఏమీ లేదనే చెప్పాలి. స్టవ్ వెలిగించి డికాషన్ దింపుకుని, కోడలు దాచిన చక్కెర రెండు చెంచాలు వేసుకుని కాఫీ తాగేది. తిరగమోత పెట్టి, ఆవాలు చిటపటమంటుంటే ఆ వాసన పీల్చేది. భర్త ఫోటోకు ముందురోజు సంగతులు బాకీ లేకుండా చెప్పేసేది. పదకొండింటికి గేటు తీసుకుని సందులోకి వెళ్లేది. అక్కడ తోపుడు బండి మీద ఆకుకూరలమ్మే ఈరమ్మ కోసం ఎదురు చూసేది.

“ఇది తెల్ల గోంగూరే. నాకు ఎర్ర కాడది కావాలి, పులుపు దానిలోనే ఉంటుంది” అనేది.

“అయ్యో పెద్దమ్మా, ఈడ అందరూ గిదే తింటుండ్రు. నీకోసం దేవులాడి తెస్త, రేపుంటవా?”

“పదకొండింటికి రా. పదకొండింటికైతే ఉంటాను.”

ఆ ఒక్క మాట తన నోటితో తానే ఒకరికి చెప్పడం, ఫలానా వేళకు ఫలానా చోట ఉంటానని మాటివ్వడం, ఆవిడకు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

పై వాటాలో స్వప్న, తిరుపతి అద్దెకుంటారు. నకిరేకల్ దగ్గరి పల్లె వాళ్లది. తిరుపతి ఎల్బీనగర్ నుంచి ఎయిర్‌పోర్టుకు కారు నడుపుతాడు. స్వప్నకు ఏడో నెల. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద ఏదో పని చేస్తుందని హనుమాయమ్మకు తెలుసు. ఈ మధ్య పైన హడావుడి ఎక్కువైనట్టూ వినబడుతోంది. తిరుపతి ఒకరోజు అడాప్టరు మార్చాడు, ఒకరోజు ఇన్వర్టరును తిట్టాడు, ఒకరోజు పావురాలు వైర్లు పొడుస్తున్నాయని మేడ మీద ఎర్ర రిబ్బన్లు కట్టాడు. నెట్ కంపెనీ మనిషి సాయంత్రం పూట రెండుసార్లు వచ్చి, అంతా మంచిగుందని చెప్పి వెళ్లాడు. హనుమాయమ్మ అదంతా వాళ్ల ఇంటి గొడవనుకుంది.

బుధవారం నాడు చీర ఆరి, కెమెరా పచ్చబడి, ఆవిడ బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాక స్వప్న మెట్లు దిగి వచ్చింది. చేతిలో చిన్న నోటుబుక్కు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“అమ్మమ్మా, నీకు నెట్ ఎప్పుడు పోతుందో జర యాదికుంటదా? నేను నెల రోజుల సంది రాస్తున్న. పదిన్నర దాటినంక పోతది, ఒంటిగంటకొస్తది. మబ్బు పడితే మూడైతది. ఆదివారం అస్సలు పోదు. అంకుల్ ఇంట్ల ఉన్న రోజు కూడా పోదు. ఏంది గిది, దయ్యం పట్టినట్టు?”

హనుమాయమ్మ గుండెల్లో రాయి పడింది. “మీ నెట్టు వేరు కదమ్మా?” అంది.

“ఒక్కటే అమ్మమ్మా. ఇంట్ల ఉండంగ మళ్ల వేరేదెందుకని అంకులే అన్నడు. మెట్ల మలుపు కాడ తెల్ల డబ్బా ఉంది సూడు, అండ్లకెళ్లి పైకి మాకు, కిందికి మీకు.”

ఆ డబ్బాను ఆవిడ రోజూ చూసేది. కరెంటు మీటరుకు సంబంధించిందనుకునేది.

స్వప్న కుర్చీ అంచున కూర్చుంది. అమెరికా దవాఖానల కాగితాలు చూసి రోగాలకు నంబర్లు వేసే పని తనది. ఆఫీసు హైటెక్ సిటీలో. గర్భసంచికి కుట్టు వేశారు, ప్రయాణం చేయవద్దన్నారు డాక్టరు. బస్సు, మెట్రో, ఆటో ఏదీ పనికిరాదు. మెట్లు కూడా రోజుకొకసారి, అదీ గోడ పట్టుకుని. అందుకే ఆఫీసు వాళ్లు ఇంటి నుంచి చేయమన్నారు. ఇప్పుడు రోజూ రెండు గంటలు మాయమవుతుంటే, నెట్ సాకు చెప్పి పడుకుంటున్నావా అని అడుగుతున్నారు.

“రెండు పానాలు అమ్మమ్మా. ఈ పని పోతే తిరుపతి ఒక్కడే. పోకుండా ఉండాలంటే నేను ఆఫీసుకు పోవాలె. పోతే కడుపుల పిల్ల...” అని ఆపేసింది.

“అమ్మా, ఎవరొచ్చారు? ఓ, స్వప్నా! బాగున్నావామ్మా?” అంది కెమెరా. స్వప్న తల ఊపి, నోటుబుక్కు మూసుకుని వెళ్లిపోయింది.

గురువారం హనుమాయమ్మ చీరను వంటగది తలుపు మీద ఆరేసింది. శుక్రవారం కూడా. ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో ఆవిడకే తెలుసు. మంచినీళ్లకు లేస్తే “ఏం కావాలమ్మా” అంది షోకేసు. ఈరమ్మ సందులో కేక పెడుతుంటే కిటికీ వైపు నాలుగడుగులు వేసింది, “కిటికీ దగ్గర చలిగాలి” అంది షోకేసు. కళ్లు మూసుకుంటే “పడుకున్నావా, ఒంట్లో బాగాలేదా” అంది. ఆవిడ కళ్లు తెరిచి కూర్చుంది. ఎప్పుడు మాట్లాడుతుందో తెలియకపోవడం అన్నిటికన్నా కష్టం. మాట్లాడనప్పుడు చూడటం లేదని నమ్మకమేమీ లేదు. ఒళ్లు గోక్కోవాలన్నా జంకే. శుక్రవారం మధ్యాహ్నానికి ఆవిడకు ఊపిరాడనట్టైంది. వాడికి తెలిస్తే దవాఖానకు తీసుకుపోతాడని కొంగుతో విసురుకోవడం కూడా మానుకుని కూర్చుంది.

శనివారం ఉదయం వెనక వరండాలో బకెట్ పక్కన చాలాసేపు నిలబడింది. ఒక్క అరగంట. అరగంటకు ఆ పిల్ల కొంపేం మునిగిపోదు. అరగంట కాగానే తానే తీసేస్తుంది. చీర వైరు మీద పడింది, పచ్చచుక్క ఎర్రబడింది.

నిజంగానే అరగంటలో తీసేసేది. కానీ ఆ రోజే ఈరమ్మ ఎర్ర కాడ గోంగూర తెచ్చింది. “రెండు దినాల సంది ఏడవోయినవే పెద్దమ్మా” అని నిష్ఠూరమాడింది. ఆవిడకు ఆ నిష్ఠూరం కూడా తీపిగా తోచింది. గేటు దగ్గరే కూర్చుని ఇద్దరూ ఆకు తుంచారు. ఆవిడ లోపలికొచ్చి ఆకు వేయించింది, మెంతులు, ఎండుమిరపకాయలు వేసి నూరింది. గడియారం చూసేసరికి పన్నెండూ నలభై. పరుగులాంటి నడకతో వెళ్లి చీర లాగేసింది. అప్పటికి చీర ఎలాగూ ఆరిపోతోంది.

రెండింటికి తిరుపతి భోజనానికి వచ్చి కింద ఆగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. “అమ్మమ్మా, రేపు ఐతారమైతే పోదు గద నెట్టు. అందుకే ఎల్లుండి పొద్దుగాల పదకొండింటికే రమ్మన్న మట్టయ్యను, గా నెట్ ఆయనను. గేటు జర తీసిపెట్టు. ఇయ్యాల పెద్ద మేనేజరుతోని మాట్లాడుతుండంగనే కట్టైంది. మంగళారం నుంచి ఆఫీసుకు రావాలె, లేకుంటే పని ఇడిసిపెట్టుమన్నరు. లైను బాగైందని ఆయన కాయితం రాసిస్తే మళ్లొకసారి సూస్తరంట. స్వప్న ఏడుస్తనే ఉంది.”

హనుమాయమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. గోంగూర పచ్చడి గిన్నె మూత ఆ పూట తీయనే లేదు.

ఆదివారమంతా ఆలోచించింది. ఊరికే చీర వేయడం మానేస్తే చాలదా అనుకుంది మొదట. చాలదు. ఒకటి, ఆ పిల్లకు కాగితం కావాలి. ఏం పాడైందో తెలియకుండా మట్టయ్య ఏం రాసిస్తాడు? రెండు, తన మీద తనకే నమ్మకం పోయింది. గురువారం మానింది, శుక్రవారం మానింది, శనివారం వేసింది. వైరు చేతికందుతున్నంత కాలం వేస్తూనే ఉంటుంది. అది అందకుండా పోవాలి. అందకుండా పోతే తానేమవుతుందో ఆలోచించే ధైర్యం చాలక కొడుకు పక్కన కూర్చుని టీవీ చూసింది.

సోమవారం పదకొండుకు పది నిమిషాల ముందే చీరను వేసింది. ఈసారి అసలు పిండనే లేదు. నీళ్లు ధారగా కారుతున్నాయి. వైరు గోడ కొక్కెం దగ్గర అడ్డంగా మడత పడింది. కళ్లున్న ఎవరికైనా కనబడుతుంది, తాను నోరు విప్పి చెప్పుకోవాల్సిన పని ఉండదని ఆవిడ ఆశ.

మట్టయ్యకు యాభై దాటాయి. కేబుల్ టీవీ రోజుల నుంచి ఆ సందుల్లో వైర్లు లాగుతున్న మనిషి. స్వప్న మెట్లు దిగి మలుపులో కూర్చుంది. ఆయన డబ్బా విప్పాడు, ఎర్రదీపం చూశాడు, వైరు కొసను ఒక చిన్న మీటరుకు తగిలించాడు. “వైరులకెళ్లి ఎలుతురు ఒస్తలేదు” అన్నాడు. సందులోకి పోయి నిచ్చెన వేసుకుని స్తంభమెక్కాడు. దిగి వచ్చి, “గా స్తంభం దాంక మంచిగనే ఉంది” అన్నాడు. అంటే జబ్బు స్తంభానికీ గోడకూ మధ్యనే ఉంది. ఆ మధ్యలో ఉన్నది పది బారల వైరు, ఒక చీర.

ఆయన వరండాలో నిలబడి స్తంభం నుంచి చీర దాకా చూశాడు. తర్వాత గోడ నుంచి చీర దాకా చూశాడు. చీర ఉన్నంత మేరా ఆయన కళ్లకు వైరే లేదు.

“మడిబట్ట గదా పెద్దమ్మా?”

“అవును” అంది హనుమాయమ్మ. చూడు నాయనా, చూడు, అనుకుంది లోపల.

“అందుకే అటు దిక్కు పోతలేను” అని ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. “ఇరవై ఏండ్ల కింద గీ ఎనక గల్లీలనే ఒకరి మడిబట్టకు తెల్వక నా భుజం తాకింది. నేను నిలబడ్డ జాగంత నీళ్లు కొట్టి కడిగిండ్రు, నేనాడ ఉండంగనే.” కోపంగా చెప్పలేదు. స్తంభమెక్కేటప్పుడు చూసుకోవాల్సిన జాగ్రత్తల్లో అదీ ఒకటన్నట్టు చెప్పాడు. హనుమాయమ్మ తల వంచుకుంది. ఆ ఇల్లు తనది కాదు. కానీ వయసులో ఉన్నప్పుడు తానూ అలా కడిగించింది.

మట్టయ్య సంచి సర్దుకున్నాడు. “మొత్తం లైనే పోయినట్టుంది బిడ్డా. స్తంభం కాడికెళ్లి కొత్తది గుంజాలె. పైకి రాస్త. వారం పడ్తది.”

“వారమా?” అంది స్వప్న. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గోడకు తల ఆనించింది.

హనుమాయమ్మ ముందుకు నడిచి చీరను రెండు చేతులతో పట్టుకుని లాగింది. తడిచీర దబ్బున నేల మీద కుప్పగా పడింది. వైరు పైకి ఎగిరి ఊగింది.

“అమ్మమ్మా, పచ్చగైంది! డబ్బా పచ్చగైంది!” అని మెట్ల మీంచి స్వప్న అరిచింది.

మట్టయ్య కొక్కెం దగ్గరికి పోయి వైరు మడతను వేలితో తడిమి చూశాడు. “ఓరి దీని తల్లి! పెద్దమ్మా, దీంట్ల రాగి తీగ ఉండదు, గాజు దారముంటది, ఎంటికంత. గట్టిగ వంగితే ఎలుతురు ఆడ్నే కారిపోతది. చీర బరువుకు వంగుతది, ఆరినంక బరువు దిగి లేస్తది. మబ్బు పడితే లేటుగ ఆరుతది. నేనిట్లాంటిది ఎన్నడు సూడలే.”

స్వప్న గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఏడుస్తూనే నవ్వుతోంది. “అయ్యో అమ్మమ్మా, నీకేం ఎర్క పాపం!”

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. తెలియక చేసిన ముసలమ్మను ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ నవ్వును భరించడం హనుమాయమ్మ వల్ల కాలేదు.

“తెలుసు” అంది. “కెమెరా ఆగిపోతుందని తెలిసే వేసేదాన్ని. మీది కూడా పోతుందని మొన్న నువ్వు చెప్పిందాకా తెలీదు తల్లీ. తెలిశాక రెండు రోజులు మానేశాను. శనివారం తెలిసే వేశాను.”

స్వప్న మొహంలో నవ్వు పోయింది. “తెలిసి ఏసినవా? నా పని పోతదని, నా పిల్లకేమైతదో అని నీ ముంగట కూసొని చెప్పిన గదా! ఏం కండ్లు నీవి? ఎందుకేసినవ్?”

“అమ్మా!” అంది హాల్లోంచి షోకేసు. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. “నెట్ వచ్చింది. కుర్చీలో లేవేంటమ్మా? ఆ నీళ్లలో నిలబడ్డావా? చీర కింద పడిందా? వదిలెయ్, వంగకు, తుంటి పట్టేస్తుంది. ముందు లోపలికొచ్చి కూర్చో. ఆ... మెల్లగా. గడప. అలాగే. కూర్చో.”

హనుమాయమ్మ లోపలికి వెళ్లింది, మెల్లగా, గడప చూసుకుని. కూర్చుంది. “కూర్చున్నాను నాన్నా” అంది గోడకేసి చూస్తూ.

వరండాలో స్వప్న అలాగే నిలబడి అంతా చూసింది. గోడ పట్టుకుని పైకి వెళ్లిపోయింది.

మట్టయ్య ఆ సాయంత్రం లోపలే వైరును ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి, గోడ మీద ఎత్తుగా మేకులు కొట్టి బిగించాడు. కాగితం రాసిచ్చాడు. “ఇగ నువ్వు నూరు చీరలేసినా ఏం గాదు పెద్దమ్మా” అని ధైర్యం చెప్పి పోయాడు. వెంకటేశ్వరరావు చీర బరువుకు వైరు వంగిన సంగతి వరకే విని పడీ పడీ నవ్వాడు. “పాపం, అమ్మకు వైరేదో దండెమేదో తెలియలేదు” అని భార్యతో అన్నాడు. తల్లికి నడుమెత్తు స్టీలు స్టాండు ఒకటి తెచ్చాడు. నెట్ ఇక స్థిరంగా ఉంటుంది కాబట్టి వంటగది లోపల ఇంకో కెమెరా పెట్టిస్తానన్నాడు, వచ్చే నెలలో.

మంగళవారం నుంచి పచ్చచుక్క రోజంతా వెలిగింది. ఈరమ్మ సందులో రెండుసార్లు కేక పెట్టి పోయేది. నాలుగో రోజు నుంచి ఒకసారే పెట్టింది. పైన స్వప్న కీబోర్డు టకటకలు వినబడేవి. ఆమె ఆఫీసు వాళ్లు కాగితం చూసి ఒప్పుకున్నారని తిరుపతి చెప్పాడు. స్వప్న మాత్రం కిందికి రాలేదు, పలకరించలేదు. హనుమాయమ్మ అందుకు బాధపడింది గానీ తప్పు పట్టలేదు. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా ఎన్నిసార్లు లేచిందీ ఆవిడే వేళ్ల మీద లెక్క చెప్పగలదు. మాట్లాడటానికి నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు పచ్చచుక్క ఎర్రబడింది.

హనుమాయమ్మ నమ్మలేదు. మొదట వరండాలోకి పోయి పైకి చూసింది. గొట్టం గోడకు బిగిసే ఉంది. చీర స్టాండు మీద ఉంది. ఆవిడకు కలిగింది సంతోషం కాదు, భయం. ఆ పిల్ల పని మళ్లీ కట్టైపోయిందనుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి మెట్ల దగ్గరికి పరుగెత్తింది.

మలుపులో, తెల్ల డబ్బా కింద, స్వప్న మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో అన్నం డబ్బా, చేతిలో పీకేసిన ప్లగ్గు.

“నా లంచ్ టైము, అమ్మమ్మా. అర్ధగంట. గీ అర్ధగంట నాకు నెట్టుతోని పని లేదు.” కాస్త ఆగి, మొహం చిట్లించింది. “నా కోపం పోయిందనుకోకు. ఇంక ఉంది. రా, కూసో.”

ఎనిమిది మెట్లు. పడ్డాక ఆ మెట్లు ఎక్కనివ్వలేదు ఎవరూ. హనుమాయమ్మ ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కింది. ఎక్కి, రొప్పుతూ, స్వప్నకు కింది మెట్టు మీద కూర్చుంది. పొట్టలో పిల్ల తంతోందా అని ఆవిడ అడిగేలోపు నడుముకు దోపుకున్న ఫోను మోగింది.

“అమ్మా, మళ్లీ పోయింది నెట్. ఆ మట్టయ్య పనే అంత. కంప్లైంటు పెడతానుండు. నువ్వు కుర్చీలోనే ఉన్నావుగా?”

ఆ ప్రశ్నకు జవాబు ఆవిడ నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. స్వప్న తినడం ఆపి ఆవిడ మొహంలోకే చూస్తోంది.

“లేదు. మెట్ల మీద ఉన్నాను” అంది. “నెట్ పోలేదు నాన్నా. మేమే తీశాం. అరగంటలో పెడతాం. రేపు కూడా తీస్తాం.”

అవతల ఆఫీసులో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

“ఎందుకమ్మా?” అన్నాడు చివరికి.

ఇన్ని నెలల్లో వాడు ఎక్కడికి అన్నాడు, ఎవరితో అన్నాడు, ఏం కావాలన్నాడు. ఎందుకని అడగడం ఇదే మొదలు. ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దిగమింగి, ఫోను సరిగ్గా పట్టుకుంది.

“నువ్వు నన్ను చూడకుండా ఉండటానికి” అంది.

వాడు ఫోను పెట్టేయలేదు. ఆవిడా పెట్టేయలేదు.